పరిణామ సిద్ధాంతానికి హాట్ వర్క్ పర్మిట్

బడిలో పాఠం చెప్పడం చాలా ప్రమాదకరమైన పని. వెల్డింగ్ కంటే, క్రేన్‌తో బరువులెత్తడం కంటే, ఆగస్టు మధ్యాహ్నం ఖాళీ ట్యాంకులోకి దిగడం కంటే ప్రమాదకరం. కాబట్టి లోకంలో ఉన్న ప్రతి సైన్సు టీచరూ నోరు తెరిచే ముందు పర్మిట్ తీసుకోవాలని నేను గట్టిగా డిమాండ్ చేస్తున్నాను!

నవ్వుతున్నారా? నవ్వండి. మీరు జుబైల్‌లో ఉండరు. పర్మిట్ విలువ మీకేం తెలుసు?

సౌదీలో మా జుబైల్ ప్లాంటుల్లో పర్మిట్ లేకుండా ఒక్క బోల్టు తిరగదు. ఏం పని, ఎక్కడ పని, ఎవరు చేస్తారు, చేస్తే ఏం కొంపలు మునుగుతాయి, మునక్కుండా ఏం జాగ్రత్త పడతారు, ఇవన్నీ కాగితం మీద రాసి, నలుగురు పెద్దలు సంతకాలు పెట్టాకే స్పానర్ చేతికొస్తుంది. నిప్పురవ్వ పుట్టే పనైతే దానికి హాట్ వర్క్ పర్మిట్ అని ఇంకా పెద్ద కాగితం. పని జరుగుతున్నంతసేపూ పక్కనే ఒక మనిషి కూర్చుంటాడు. ఎక్కడైనా అంటుకుంటుందేమో అని చూడటమే అతని ఉద్యోగం. పని అయిపోయి వెల్డర్ టీ తాగడానికి వెళ్ళిపోయినా అతను కదలకూడదు. లోపల ఎక్కడో రవ్వ రాజుకుంటూ ఉండొచ్చు కదా! అతన్ని ఫైర్ వాచ్ అంటారు.

ఇప్పుడు మన దేశం సంగతి చూడండి. సర్కారు డబ్బుతో నడిచే బడుల్లో మనిషిని దేవుడు చేశాడని చెప్పాలా, వాడంతట వాడే తయారయ్యాడని చెప్పాలా? మతానికి ఒక పీరియడ్ పెట్టాలా, ఉన్న సైన్సు పాఠం పీకెయ్యాలా? ఈ ప్రశ్నల మీద టీవీల్లో పెద్దమనుషులు గొంతులు చించుకుంటున్నారు. ఎంత శ్రమ! ఎంత కరెంటు! ఇదే సమస్య మాకూ వచ్చింది. మేం ఒక్క మీటింగులో తేల్చేశాం. ఎలాగంటారా? మా పద్మజ మేడం దయ వల్ల.

పద్మజ మేడంది అనకాపల్లి దగ్గర ఊరు. మా కమ్యూనిటీ స్కూల్లో తొమ్మిదో తరగతికి బయాలజీ చెప్తారు. ఆవిడ భర్త హేమసుందర్ ఒక ప్లాంటులో ప్యానెల్ ఆపరేటర్. నెమ్మదైన మనిషి. మేడం కూడా నెమ్మదే గానీ, ఆవిడకో జబ్బుంది. పుస్తకంలో ఏ పాఠమూ వదలరు. ముందుమాట కూడా చదివిస్తారు. దానికో కారణం ఉంది. ఆవిడ చదువుకున్న బడిలో జీవపరిణామం పాఠం రాగానే మాస్టారు, ఇది మీరే ఇంటిదగ్గర చదువుకోండర్రా అని ఒక్క చేత్తో అన్ని పేజీలూ తిప్పేశారట. ఇంట్లో చదివి చెప్పేవాళ్ళెవరూ లేరు. డిగ్రీలో మొదటివారం లెక్చరర్ ఆ పాఠంలోంచే ప్రశ్న అడిగితే, లేచి నిలబడి నేల చూశారట. అప్పట్నుంచి పేజీలు తిప్పేసే చెయ్యి అంటే ఆవిడకి పడదు.

ఈ జబ్బుతో ఆవిడ చల్లగా జీవపరిణామం దగ్గరికొచ్చారు.

ఇంకా పాఠం మొదలుపెట్టనేలేదు. రేపు మొదలుపెడదాం, ఓసారి చూసుకుని రండి అన్నారంతే. ఆ రాత్రి భోజనాల దగ్గర స్నిగ్ధ అనే పిల్ల వాళ్ళ నాన్నని, నాన్నా మనకి తోక ఎప్పుడు పోయింది అని అడిగింది. ఆ నాన్న ఎవరనుకున్నారు? ఉమామహేశ్వరరావు గారు. కాకినాడ మనిషి, ప్లాంటు సేఫ్టీ మేనేజరు, పైగా స్కూలు పేరెంట్స్ కమిటీ ప్రెసిడెంటు! టీచర్ల కాంట్రాక్టులు ఏటేటా రెన్యూ చెయ్యాలా వద్దా అన్నది ఆయన బల్ల మీదే తేలుతుంది. పప్పు కలుపుతున్న చెయ్యి అలాగే ఆగిపోయింది. అదే సమయానికి ఇంకో ఫ్లాటులో అనమ్ అనే పిల్ల కూడా వాళ్ళ నాన్నని అదే అడిగింది. ఆయన సర్దార్ భాయ్, ప్రొద్దుటూరాయన, స్కాఫోల్డింగ్ సూపర్‌వైజరు. మూడో ఇంట్లో ఇస్సాక్ గారు. తెనాలి మనిషి, వెల్డింగ్ ఇన్‌స్పెక్టరు. వాళ్ళబ్బాయి అడగలేదు. అడగకుండా అద్దం ముందు వెనక్కి తిరిగి నిలబడి చూసుకుంటున్నాడు. అది ఇంకా ప్రమాదం!

గురువారం సాయంత్రం కమిటీ మీటింగు. పద్మజ మేడంని పిలిపించారు.

ఈ ముగ్గురు నాన్నలే మా కమిటీ. దాని గురించి మీకో మాట చెప్పాలి. స్కూలు బస్సు కర్టెన్లు నీలం రంగా, ఆకుపచ్చా అన్న విషయం అప్పటికి ఏడాదిగా నలుగుతోంది. క్యాంటీన్ సమోసాలో బంగాళాదుంప ఉండాలా, కీమా ఉండాలా అన్నది ఉపసంఘానికి వెళ్ళి అక్కడే కూర్చుంది. ముగ్గురూ మూడు మతాలు, మూడు ప్లాంట్లు, మూడు జిల్లాలు. ఒక్క విషయంలోనైనా ఒక్క మాట మీద నిలబడ్డ పాపాన పోలేదు. అలాంటి వాళ్ళని ఆ సాయంత్రం ఒక కోతి కలిపింది! మతసామరస్యం కోసం లక్షలు పోసి సభలు పెడుతున్నారే, ఒక్క కోతిని తెచ్చి మధ్యలో కూర్చోబెడితే సరిపోయేది కాదూ?

ముందు ఇస్సాక్ గారు మాట్లాడారు. సృష్టి అంతా ఆరు రోజుల్లో పూర్తయిపోయిన పనని, ఏడో రోజు విశ్రాంతి అని, ఒక్క రోజు కూడా డిలే లేదని, తన ఇరవై ఏళ్ళ సర్వీసులో ప్లాంటు ఆపి చేసే షట్‌డౌన్ రిపేరు ఒక్కటైనా అలా టైముకి పూర్తవడం చూళ్ళేదని, అందుకే ఆ ప్రాజెక్టు మీద తనకంత గౌరవమని చెప్పారు. ఇప్పుడు మేడం వచ్చి దానికి కోట్ల ఏళ్ళు పట్టిందంటే అది ప్లానింగ్ డిపార్టుమెంటుని అవమానించినట్టేనన్నారు.

సర్దార్ భాయ్‌కి ఇంగ్లీషులో మాట్లాడటం ఇష్టం లేదు. తెలుగులోనే అడిగాడు.

"మొదటి మనిషిని మట్టితో జేసినాడని ఇంట్లో మేం జెప్తాన్నాం. కోతి నుంచి వచ్చినాడని బళ్ళో మీరు జెప్తే, పిల్లోల్లు ఎవురి మాట ఇనాల మేడం?"

పద్మజ మేడం ఓపిగ్గా చెప్పారు. కోతి నుంచి మనిషి వచ్చాడని పుస్తకంలో ఎక్కడా లేదండి, మనిషికీ కోతికీ చాలా చాలా వెనక ఒక ఉమ్మడి పూర్వీకుడు ఉన్నాడని ఉంది, అంతే.

"అంటే కోతి మాకు తమ్ముడా?"

"తమ్ముడు కాదు సర్దార్ భాయ్. చాలా దూరపు చుట్టం."

"దూరపు చుట్టమైనా పెండ్లికి పిలవాల గదా మేడం."

దీనికి బయాలజీలో జవాబు లేదు. మేడం నీళ్ళు తాగారు.

ఆఖర్న రావు గారు. ఆయనది మొత్తం వేరే లైను. పాఠం తప్పని ఆయన అనలేదు. పాఠం ఒప్పే, పేటెంటే తప్పు అన్నారు. ముందు చేప, తర్వాత తాబేలు, తర్వాత వరాహం, ఆ తర్వాత సగం సింహం సగం మనిషి, ఆపైన పొట్టి మనిషి. నీళ్ళలోంచి ఒడ్డుకి, ఒడ్డు మీంచి ఆఫీసుకి! ఇంత వివరంగా దశావతారాల్లో మనవాళ్ళు ఎప్పుడో చెప్పేసిందాన్ని ఎవరో తెల్లాయన పడవెక్కి కనిపెట్టాడని తన కూతురు చదవడం తనకిష్టం లేదు. పాఠంలో ఆ పేరు తీసేసి మన పేరు వేస్తే అభ్యంతరం లేదు. మన పేరు వేస్తే తమకుందని మిగతా ఇద్దరూ అన్నారు.

ఇలా రాత్రి ఇషా నమాజు వేళ దాకా సాగింది. మేడంకి తలనొప్పి పట్టుకుంది. సరిగ్గా అప్పుడే ఆవిడ ఘోరమైన పొరపాటు చేశారు.

"పోనీ ఓ పని చెయ్యండి సార్. మీ ప్లాంటులో వెల్డింగ్‌కి ఇచ్చినట్టు నాకూ ఓ హాట్ వర్క్ పర్మిట్ ఇచ్చేయండి. పక్కనే ఫైర్ వాచ్‌ని కూడా కూర్చోబెట్టండి."

అనకాపల్లిలో దీన్ని ఎత్తిపొడుపు అంటారు. కానీ ముప్ఫై ఏళ్ళుగా సేఫ్టీలో పనిచేస్తున్న మనిషి చెవికి ఎత్తిపొడుపు వినపడదండీ. ఆయనకి వినపడేది సజెషన్ ఒక్కటే. రావు గారు జేబులోంచి పెన్ను తీశారు.

"చాలా మంచి సజెషన్ మేడం గారూ. ఎవరైనా బలపరుస్తారా?"

ఇస్సాక్ గారు బలపరిచారు. సర్దార్ భాయ్ ఫైర్ వాచ్‌గా తనే ఉంటానన్నాడు. తీర్మానం ఏకగ్రీవం!

ఇంటికొచ్చి మేడం ఈ సంగతి చెప్తే హేమసుందర్ గారు నవ్వలేదు. సోఫాలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నారు.

"వాళ్ళ ముందు వెటకారం ఆడతారా పద్దూ? పోయినేడు మా షిఫ్టులో ఒకడు, ఈ టీ తాగడానికి కూడా పర్మిట్ కావాలా అన్నాడు."

"అయితే?"

"ఇప్పుడు కావాలి."

మేడం పరిస్థితి మీకర్థమైంది కదా? పాఠం చెప్తానని పట్టుబడితే కాంట్రాక్టు రెన్యూ కాదు. పాఠం వదిలేస్తే తన మొహం తను చూసుకోలేదు. వార్షిక పరీక్షలు తరుముకొస్తున్నాయి. సరే, పర్మిట్‌తోనైనా చెప్దాం, చెప్పడం ముఖ్యం కదా అని ఆవిడ సర్దుకున్నారు. చదువుకున్నవాళ్ళు చేసే పని ఇదే!

పర్మిట్ తయారవడానికి వారం పట్టింది. ఎందుకంటే ప్రమాదాల పట్టిక రాయాలంటే ముగ్గురు తండ్రులూ పాఠం చదవాలి. చదివారు! అదొక్కటే సౌదీలో మన విద్యావ్యవస్థ సాధించిన ఘనవిజయమని నా అభిప్రాయం. తమ పిల్లల పుస్తకాన్ని ముగ్గురు నాన్నలు మొదటి నుంచి చివరి దాకా, పెన్సిలుతో గీతలు గీసుకుంటూ చదవడం మీరెక్కడైనా విన్నారా?

పట్టిక ఇలా తయారైంది. పిచ్చుకల ముక్కులు దీవికో రకంగా మారడం: పిల్లలు తమ ముక్కుల్ని నాన్నల ముక్కులతో పోల్చి చూసుకునే ప్రమాదం ఉంది, కాబట్టి ఆ రోజు అద్దాలు తేకూడదు. జిరాఫీ మెడ: కష్టపడితే మెడ సాగుతుందని పొరబడే ప్రమాదం, కాబట్టి కష్టపడితే ర్యాంకు మాత్రమే వస్తుందని ముందుగా గుర్తుచెయ్యాలి. వెన్నెముక చివర తోక మిగిలిన గుర్తు: వెనక్కి తడుముకునే ప్రమాదం, కాబట్టి అందరూ గోడకి ఆనుకుని కూర్చోవాలి. క్లాసుకి గోడలు నాలుగే, పిల్లలు నలభై మంది. ఆ సమస్యని ఇంజినీరింగ్ విభాగానికి పంపారు.

శిలాజాల పేజీ దగ్గర మాత్రం చిక్కొచ్చింది. కోట్ల ఏళ్ళ కిందట సముద్రం అడుక్కి చేరిన ప్రాణుల నుంచే ముడిచమురు తయారైందని అక్కడ రాసుంది. ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముగ్గురి జీతం, ఇక్కడ ఉండనిచ్చే ముగ్గురి ఇకామా, ఊళ్ళో ముగ్గురి ఇళ్ళూ ఆ చమురులోంచి వచ్చినవే. వాక్యం కొట్టేస్తే ఉద్యోగం అబద్ధమైపోతుంది. ఉంచితే ఆరు రోజుల లెక్క తప్పుతుంది. రావు గారు ఒక జాగ్రత్త రాశారు: ఈ వాక్యం డ్యూటీ టైములో మాత్రమే నిజం. ఇంత చక్కటి రాజీ ఏ కోర్టైనా చెప్పగలదా?

పాఠం రోజు వచ్చింది.

హాట్ వర్క్‌కి ముందు చుట్టూ అన్ని దారులూ మూసెయ్యాలి. కిటికీలు వేసేశారు. పక్కనే ఆరో తరగతి. ఏసీ గొట్టంలోంచి పాఠం ఆ పసిపిల్లల మీద పడుతుందేమోనని గొట్టానికి టేపు చుట్టారు. గది ఆవిరి కుండలా తయారైంది. సర్దార్ భాయ్ నిప్పార్పే ఎర్ర సిలిండర్ పట్టుకుని వెనక బెంచీలో కూర్చున్నాడు. కూతురు అనమ్ తల బల్లలోకి దూర్చేసింది. పొడి చల్లే రకం తేలేదు మేడం, పిల్లోల్ల నోట్సులు పాడైతాయని గ్యాస్ రకం తెచ్చినా అని ఆయన చాలా బాధ్యతగా చెప్పాడు.

తర్వాత గ్యాస్ టెస్ట్. మండే వాయువు ముందే ఉంటే నిప్పు రాజెయ్యకూడదు కదా! ఇస్సాక్ గారు ముందుకొచ్చి, ఎవరికైనా ఏవైనా సందేహాలు ఉన్నాయా అని అడిగారు. ఒక్క చెయ్యి లేవలేదు. సందేహాలు సున్నా అని రాసుకుని పాస్ చేశారు. మామూలు బడుల్లో పాఠం ఇలా పూర్తవుతుంది. మా దగ్గర ఇలా మొదలవుతుంది!

ఆపైన తలుపు దగ్గర లెక్కింపు. ట్యాంకులోకి ఎంతమంది దిగారో అంతమందీ పైకి రావాలన్నది నియమం. రావు గారు దాన్ని కొంచెం సవరించారు. మనుషులుగా లోపలికి వెళ్ళినవాళ్ళు మనుషులుగానే బయటికి రావాలి. తలలు లెక్కపెట్టి, సంతకం పెట్టి, ఇక మొదలుపెట్టండి మేడం గారూ అన్నారు.

మేడం మార్కర్ తీసి బోర్డు మీద 'జీవ' అని రాశారు. బెల్లు కొట్టింది.

పర్మిట్ ఒక్క పీరియడ్‌కే చెల్లుతుంది. మర్నాటికి మళ్ళీ కొత్తది రాయించాలి. మర్నాడు ఇస్సాక్ గారు నైట్ షిఫ్టు చేసి పడుకున్నారు, సంతకం లేదు. ఆ తర్వాత రోజు 'పరిణామం' అని కూడా రాయగలిగారు గానీ, వెనక బెంచీ కుర్రాడెవడో కిసుక్కుమన్నాడు. పొగ కనపడితే ఎవరైనా సరే పని ఆపెయ్యొచ్చు, అది సేఫ్టీ ఇచ్చిన హక్కు. సర్దార్ భాయ్ ఆపేశాడు. పాఠమేమీ జరగకపోయినా నియమం నియమమే కాబట్టి అందరూ వెళ్ళాక అరగంట ఖాళీ క్లాసులో కూర్చుని, ఎక్కడైనా రాజుకుంటోందేమో అని బెంచీలు చూశాడు.

పిల్లలు తెలివైనవాళ్ళు. పని ఆపే హక్కు ఎవరికైనా ఉందని వాళ్ళ చెవిన పడింది. మర్నాడు హిందీ వ్యాకరణం మధ్యలో ఒకడు లేచి, సార్ ఇక్కడ సేఫ్‌గా లేదు, స్టాప్ వర్క్ అన్నాడు. సోషల్‌లో ఇంకొకడు. పీటీ పీరియడ్ తప్ప స్కూలు మొత్తం ఆగిపోయింది. ప్రిన్సిపాల్ గారు బీపీ మాత్రలు రెండు పూటలకి పెంచారు.

పద్మజ మేడం మాత్రం రోజూ చెమటలు కక్కుతూ ఆ మూసేసిన గదిలో నిలబడేవారు. పాఠం తలలో మొత్తం సిద్ధంగా ఉంది. పిచ్చుక బొమ్మ ఇంట్లోనే గీసుకొచ్చారు, రంగులేసి. అది బ్యాగులోంచి బయటికి తీసే యోగం పట్టడం లేదు. స్నిగ్ధ ఒకరోజు స్టాఫ్ రూము దాకా వచ్చి, మేడం, ఆ పాఠం మేమే ఇంటి దగ్గర చదువుకోమా అని మెల్లిగా అడిగింది.  మేడంకి తన మాస్టారి చెయ్యి పేజీలు తిప్పుతున్నట్టే అనిపించింది.

ఆ సాయంత్రం ఆవిడ కమిటీ దగ్గరికి మళ్ళీ వెళ్ళారు. ఈసారి వెటకారం లేదు. చాలా మర్యాదగా అడిగారు. పర్మిట్ పనులకే నా పీరియడ్ మొత్తం పోతోంది సార్, తొమ్మిదో తరగతికి వారంలో రెండు మతబోధ పీరియడ్లున్నాయి కదా, ముస్లిం పిల్లలకి దీనియాత్, మిగతావాళ్ళకి నీతిబోధ, వాటిలో ఒక్కటి నాకిప్పించండి, పాఠం పూర్తిచేసేస్తాను అన్నారు.

ఆ పీరియడ్లలో ఏం జరుగుతోందో ఆవిడకి బాగా తెలుసు. తెలిసే అడిగారు.

గదిలో ఉష్ణోగ్రత ఒక్కసారిగా పెరిగింది. "దేవుడి పీరియడ్‌లో కోతి పాఠమా మేడం గారూ?" అన్నారు రావు గారు. ఇస్సాక్ గారు పెన్ను మూత పెట్టేశారు. సర్దార్ భాయ్ కుర్చీ వెనక్కి జరిపి లేచాడు. అసలు నిప్పు ఇటుపక్క రాజేస్తుంటే అటుపక్క ఆ పవిత్రమైన పీరియడ్ ఎంత భద్రంగా ఉందో మనమెప్పుడూ చూళ్ళేదే అని ముగ్గురికీ ఒకేసారి తట్టింది. ఇన్‌స్పెక్షన్ చెయ్యాలి! ముందుగా చెప్పకుండా వెళ్ళాలి, అప్పుడే నిజం తెలుస్తుంది!

సోమవారం ముగ్గురూ ప్లాంటుల్లో సగం రోజు సెలవు పెట్టి, ఇస్త్రీ చొక్కాలేసుకుని వచ్చారు. వెనకాల పద్మజ మేడం. సర్దార్ భాయ్ తలుపు దగ్గర చెప్పులు విప్పాలా అని అడిగాడు కూడా. రావు గారు భక్తిగా తలుపు తోశారు.

పిల్లలు రెండు గదుల్లో ఉండాలి కదా, దీనియాత్ వాళ్ళు ఒకచోట, నీతిబోధ వాళ్ళు ఒకచోట? అందరూ ఒకే గదిలో ఉన్నారు. అందరి తలలూ వంగే ఉన్నాయి. భక్తితో కాదు. బోర్డు పైనుంచి కింద దాకా సైన్లు, కొసైన్లు. ముందు ఖాలిదా మేడం, చేతిలో పెద్ద కంపాస్. కర్నూలావిడ, లెక్కల టీచరు.

మతబోధ ఏదండీ అని రావు గారు అడిగారు.

"ఈ పీరియడ్ నాదే గదా సార్," అన్నారు ఖాలిదా మేడం. "ఏప్రిల్ మీటింగులో మీరే ఇస్తిరి. ఐఐటీ ఫౌండేషన్ పరీక్షకు లెక్కలు చాలడం లేదు, దేవుని పీరియడ్లు రెండూ లెక్కలకియ్యాలని మీరు ముగ్గురే గదా ముందు చేతులెత్తింది."

ఎత్తారు. ఇప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు అసలు అజెండా బస్సు కర్టెన్లు. మధ్యలో ఎవరో ఇది అడిగారు, కర్టెన్ల గొడవలోకి తొందరగా వెళ్ళాలని చేతులెత్తేశారు. ఒక్క నిమిషం కూడా పట్టలేదు.

సర్దార్ భాయ్ కూతురి బెంచీ దగ్గరికి వెళ్ళాడు. ఆయన గొంతు ఎప్పుడూ అంత చిన్నగా వినలేదని తర్వాత పద్మజ మేడం చెప్పారు.

"మరి దీనియాత్ ఎప్పుడు చదువుతాండావు అనమ్?"

"ఇంట్లో నువ్వు చెప్తానంటివి కదా అబ్బాజీ. బళ్ళో లెక్కలు నేర్చుకో, అది నేను చూసుకుంటానంటివి."

"చెప్పలేదా నేను?"

"నువ్వు షట్‌డౌన్ డ్యూటీలో ఉంటివి."

 మూడు మతాల తరఫున ముగ్గురు పెద్దమనుషులు ఒక త్రిభుజం ముందు నిలబడ్డారు. ఇప్పుడేమంటారోనని పద్మజ మేడం వాళ్ళ వైపే చూశారు. దేవుడి పీరియడ్ దేవుడికి ఇచ్చేయమంటారనే ఆవిడ అనుకున్నారు. మీరూ అదే అనుకున్నారు కదూ?

రావు గారు గొంతు సవరించుకున్నారు.

"ట్రిగనామెట్రీ ఎంతవరకు అయిందండీ?"

"సగం అయింది సార్. మీరు తలుపు తీసినప్పట్నుంచి ఆగింది."

"సారీ, సారీ. కానివ్వండి."

పసిపిల్ల నిద్ర లేస్తుందేమో అన్నంత మెల్లిగా తలుపు దగ్గరికి వేశారు.

వరండాలో ఎవరూ ఎవరి మొహమూ చూసుకోవడం లేదు. ఇస్సాక్ గారు నోటీసు బోర్డు మీద పోయినేడు పోగొట్టుకున్న లంచ్ బాక్స్ గురించి చాలా శ్రద్ధగా చదువుతున్నారు. మరి నా పాఠం సంగతేంటి సార్, రేపటి పర్మిట్‌కి సంతకాలు పెడతారా అని పద్మజ మేడం అడిగారు. రావు గారు చేతిలోని కాగితం చూశారు, మిగతా ఇద్దర్నీ చూశారు. అటుపక్క నుంచి సర్దార్ భాయే జవాబు చెప్పాడు.

"ఇంగ పర్మిట్ ఎందుకు మేడం. అంటుకోవాలంటే లోపల ఏందో ఒకటి ఉండాల గదా. మేం ఏం పెట్టినాం వాళ్ళ తలకాయల్లో?"

సాంకేతికంగా అది నూటికి నూరు పాళ్ళూ కరెక్టు. మండే వస్తువు లేని చోట హాట్ వర్క్ పర్మిట్ అక్కర్లేదని రూలు పుస్తకంలోనే ఉంది. రావు గారు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నారు. ఏసీ గొట్టానికి టేపు తియ్యమని వాచ్‌మన్‌కి చెప్పి వెళ్ళిపోయారు.

మర్నాడు పద్మజ మేడం కిటికీలన్నీ తెరిచి, పిచ్చుక బొమ్మ బోర్డుకి అంటించి, మొదటి వాక్యం నుంచి చివరి వాక్యం దాకా పాఠం చెప్పారు. చమురు వాక్యం కూడా చెప్పారు. స్నిగ్ధ అడిగిన తోక ప్రశ్నకి బెల్లు కొట్టాక కూడా నిలబడి జవాబిచ్చారు. ఎవరి తల నుంచీ పొగ రాలేదు. మనుషులుగా వెళ్ళినవాళ్ళంతా మనుషులుగానే బయటికొచ్చి క్యాంటీన్ వైపు పరిగెత్తారు. కాంట్రాక్టు కూడా రెన్యూ అయింది. కారణం అన్న చోట రావు గారు ఒక్క ముక్కే రాశారట: జీరో ఇన్సిడెంట్.

ఆ శుక్రవారం సర్దార్ భాయ్ ఓవర్‌టైముకి వెళ్ళలేదని హేమసుందర్ గారు చెప్పారు. ఇంట్లో కూతుర్ని ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడట. దీనియాత్ పుస్తకం తెరిచాడట. అనమ్ మొదటి పేజీలోనే ఏదో ప్రశ్న వేసిందట. ఆయన రేపు ఎవరినైనా అడిగి చెప్తానన్నాడట.

కాబట్టి, అయ్యలారా, అమ్మలారా, టీవీల్లో గొంతు చించుకుంటున్న పెద్దలారా! నా డిమాండ్ అలాగే ఉంది. దేవుడి పాఠమైనా కోతి పాఠమైనా, సర్కారు బడైనా షావుకారు బడైనా, పర్మిట్ ఉండి తీరాలి. అయితే అది పాఠం చెప్పేవాళ్ళకి కాదు. పాఠం మీద పోట్లాడేవాళ్ళకి! ముందు మీ పిల్లల పుస్తకం ఒకసారి చదివి, క్లాసు తలుపు ఒకసారి తీసి, లోపల ఏం జరుగుతోందో కళ్ళతో చూసినట్టు సంతకం పెట్టండి. ఆ తర్వాత ఎంత కావాలంటే అంత అరుచుకోండి.

అరవడానికి అప్పటికి మీ దగ్గర గొంతు మిగిలి ఉంటే!